వెనకద్దం పగలకుండా షార్ట్ బెడ్ పికప్‌తో ఫిఫ్త్ వీల్ లాగడం ఎలా?

మా గుంటూరు వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. టెక్సాస్‌లో ట్రక్కు అంటే ముందుండి లాగేది. వేసవికి వచ్చిన నాన్నకు ఈ తిరకాసు అలవాటు కావడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆయన మా పికప్ బెడ్‌ని, అంటే వెనక సామాన్లు వేసే తొట్టిని, జానలతో కొలిచి, "ఇంత పొట్టిదానికి అంత ఇల్లు ఎట్లా తగిలిస్తావురా, మలుపులో వీపుకు గుద్దుకోదూ?" అన్నారు. ముప్ఫై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. డీలరు దగ్గర గంటన్నర కూర్చున్నా నాకు ఎవరూ చెప్పని ముక్క అది.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పికప్ అంటే దాదాపు షార్ట్ బెడ్డే. పిల్లలు, అమ్మానాన్నలు అందరూ పట్టాలని నాలుగు తలుపుల క్రూ క్యాబ్ తీసుకుంటాం, ఆఫీసు పార్కింగులోనూ కాస్ట్‌కోలోనూ పట్టాలని బెడ్ పొట్టిది తీసుకుంటాం. ఆ తర్వాత ఎప్పుడో ఫిఫ్త్ వీల్ ట్రైలర్ మీద, అంటే ట్రక్కుకు తగిలించుకుని పోయే చక్రాల ఇంటి మీద, మనసు పడుతుంది. రెండూ కలిపి లాగొచ్చు, వేలమంది లాగుతున్నారు. కాకపోతే కొనకముందు రెండు కొలతలు మీ చేత్తో మీరే తీసుకోవాలి. ఒకటి అంగుళాల్లో, ఒకటి పౌండ్లలో. ఆ రెండూ తేలితే మిగతాదంతా అలవాటు మీద వచ్చేదే.

తెలియనివాళ్లకు ఒక్క మాట. మామూలు ట్రైలర్ ట్రక్కు వెనక బంపరు కింద గుండుకు తగులుతుంది. ఫిఫ్త్ వీల్ ముక్కు మాత్రం బెడ్ మీదికి వచ్చి, వెనక ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కాస్త ముందుగా అమర్చిన హిచ్‌లో (తగిలించే కొక్కెంలో) కూర్చుంటుంది. ముక్కు కింద పెట్టెలో బిగించి, హిచ్‌లో దూరే ఇనుప గూటాన్ని కింగ్‌పిన్, లేదా పిన్ అంటారు. పద్దెనిమిది చక్రాల లారీలది ఇదే పద్ధతి. బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి గాలికి ఊగడం తక్కువ, రోడ్డు మీద నిబ్బరంగా ఉంటుంది. ఆ ముక్కు బెడ్ మీదికి రావడంతోనే మన కష్టమూ మొదలవుతుంది.

ముందు టేపు తీసుకుని బెడ్ ఎక్కండి

లాంగ్ బెడ్ అంటే 8 అడుగులు. ఫోర్డ్ సూపర్ డ్యూటీ షార్ట్ బెడ్ 6 అడుగుల 9 అంగుళాలు, రామ్ హెవీ డ్యూటీది 6 అడుగుల 4 అంగుళాలు. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి హాఫ్ టన్ (మోసే బలాన్ని బట్టి ట్రక్కుల తరగతులు: హాఫ్ టన్ చిన్నది, దానిపైన ముప్పావు టన్, వన్ టన్) క్రూ క్యాబుల్లో ఎక్కువగా కనిపించేది ఐదున్నర అడుగులది. బెడ్ పొడవు మీద చర్చలు చాలా జరుగుతాయి గానీ మనకు అసలు కావాల్సిన అంకె అది కాదు. క్యాబ్ వెనక రేకు నుంచి హిచ్ నడిమధ్య దాకా ఎంత? అది కొలవండి. హిచ్ ఇంకా బిగించకపోతే వెనక ఇరుసు నడిమధ్య దాకా కొలవండి. ఆరుంబావు, ఆరుముప్పావు అడుగుల బెడ్లలో అది 40 అంగుళాలకు అటూ ఇటూ వస్తుంది. లాంగ్ బెడ్‌లో 56 దాకా ఉంటుంది.

ఇప్పుడు ట్రైలర్ వైపు రండి. వెడల్పు 96 అంగుళాలు అనుకుందాం, అంటే సగం 48. కొన్ని 101, 102 దాకా ఉంటాయి, వాటి సగం 51. ట్రక్కు, ట్రైలర్ ఎల్ ఆకారంలో 90 డిగ్రీలు తిరిగాయంటే ట్రైలర్ ముందు మూల కింగ్‌పిన్ నుంచి 48 అంగుళాలు క్యాబ్ వైపుకు వస్తుంది. మీ దగ్గరున్నది 40. తేడా 8 అంగుళాలు. ఆ ఎనిమిది అంగుళాలు మీ వెనకద్దంలోంచి లోపలికి వస్తాయన్నమాట.

90 డిగ్రీలు ఎవరు తిప్పుతారండీ అనొద్దు. పిన్ సరిగ్గా ట్రైలర్ ముందు అంచు వరసలోనే ఉందనుకుని లెక్కేస్తే, ఈ కొలతలకు 56 డిగ్రీల దగ్గరే తగులుతుంది. ముందుకు నడిపేటప్పుడు అంత కోణం అరుదు. ఇరుకు క్యాంప్‌సైట్‌లోకి రివర్స్ చేసేటప్పుడు మాత్రం మీకు తెలియకుండానే వచ్చేస్తుంది.

కొత్త ట్రైలర్లకు ముందు మూలలు గుండ్రంగా కోసి, పిన్ పెట్టెను ముందుకు పొడిగించి ఇస్తున్నారు. షార్ట్ బెడ్‌కు సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్పేది దీన్ని చూసే. చాలావరకు నిజమే, కానీ ఏ ట్రక్కుకు సరిపోతుందో బ్రోషర్‌లో ఉండదు. అందుకే ట్రైలర్ దగ్గర నిలబడి, మీ క్యాబ్ పైకప్పు ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తులోనే, పిన్ నడిమధ్య నుంచి ముందు మూల దాకా ఏటవాలుగా టేపు పట్టండి. ఆ అంకె క్యాబ్ నుంచి హిచ్ దూరం కంటే కనీసం జానెడు తక్కువ ఉంటే మామూలు హిచ్ చాలు. లేకపోతే కిందికి చదవండి. జానెడు ఎందుకంటే నేల ఎప్పుడూ చదునుగా ఉండదు. ట్రక్కు ముందు చక్రాలు గట్టెక్కినప్పుడు క్యాబ్ వెనక్కి వాలుతుంది, ట్రైలర్ ఒకపక్క గుంతలో దిగితే పైమూల పక్కకు ఒరుగుతుంది. చదును సిమెంటు మీద ఉన్న నాలుగంగుళాలు అక్కడ ఆవిరైపోతాయి.

డ్రైవరు తలుపు దగ్గరి పసుపు స్టిక్కరు

అద్దం పగులుతుందేమోనని అందరూ భయపడతారు. ఎవరూ భయపడనిది బరువు. షార్ట్ బెడ్ వాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడేనని నా అభిప్రాయం.

డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేమ్ మీద పసుపు, తెలుపు రంగుల్లో చిన్న స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. టీవీ ప్రకటనలో "ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది" అని చెప్పే అంకెకూ దీనికీ సంబంధం లేదు. ఒకే మోడల్ పేరున్న రెండు ట్రక్కులకు కూడా ఈ స్టిక్కర్లు వేరుగా ఉంటాయి. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, డీజిల్ ఇంజను ఒక్కొక్కటీ ఇందులోంచి తినేస్తాయి. కాబట్టి పక్కింటాయన ట్రక్కు అంకె మీకు పనికిరాదు.

ఫిఫ్త్ వీల్ బరువులో సుమారు 15 నుంచి 25 శాతం పిన్ మీదుగా నేరుగా మీ బెడ్‌లో కూర్చుంటుంది. లెక్కకు 20 శాతం వేసుకోండి. మా లెక్క ఇది: సామాన్లన్నీ నింపాక ట్రైలర్ 11,000 పౌండ్లు, అందులో పిన్ బరువు 2,200. హిచ్ 150. నేను, మా ఆవిడ, అమ్మానాన్న, అమ్మాయి కలిపి 700. బెడ్‌లో టూల్స్, కూలర్, కట్టెలు 150. మొత్తం 3,200 పౌండ్లు.

హాఫ్ టన్ ట్రక్కుల స్టిక్కరు తరచుగా 1,500 నుంచి 2,000 మధ్య ఉంటుంది, కాబట్టి ఇక్కడే ఆట ముగిసింది. ముప్పావు టన్ డీజిల్ క్రూ క్యాబ్‌కు 2,000 నుంచి 2,600 దాకా రావచ్చు. అదీ చాలదు. చూడ్డానికి భీమసేనుడిలా ఉంటుంది, ఇంజను లాగేస్తుంది కూడా, కానీ వెనక ఇరుసూ టైర్లూ ఒప్పుకోవు. ఇదే బరువుకు వన్ టన్ ట్రక్కైతే, వెనక పక్కకు ఒక్కో టైరే ఉన్నా, మామూలుగా సరిపోతుంది. తేడా ధర చూసి ముప్పావు టన్ కొన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. ముగ్గురూ ఇప్పుడు చిన్న ట్రైలర్ వెతుక్కుంటున్నారు.

ట్రైలర్ బ్రోషర్‌లో రాసే ఖాళీ పిన్ బరువును అస్సలు నమ్మకండి. అందులో బ్యాటరీలు, నీళ్లు ఉండవు. నీళ్లు గ్యాలనుకు 8.3 పౌండ్లు, 50 గ్యాలన్లు నింపితే 400 దాటుతుంది. ఇంకో సంగతి, ఫిఫ్త్ వీల్‌లో పడకగది ముక్కు మీదే ఉంటుంది, దాని కింద పెద్ద సామాన్ల అర ఉంటుంది. ఆ రెండు చోట్ల పెట్టిన ప్రతి వస్తువూ ఎక్కువ వంతు పిన్ మీదే పడుతుంది. మా ఆవిడ గ్రైండరు, రెండు కుక్కర్లు, 20 పౌండ్ల సోనా మసూరి బస్తా అన్నీ ముందు అరలోనే సర్దేది. "ఇక్కడైతే చేతికి అందుతాయండీ" అనేది. వాటిని ట్రైలర్ చక్రాల పైకి, మధ్య అల్మరాలోకి మార్చడానికి నాకు ఒక పూట వాదన పట్టింది.

ఊహలు వద్దు, తూకం వేయించండి. హైవేల పక్క ట్రక్ స్టాపుల్లో లారీలను తూచే క్యాట్ స్కేల్ ఉంటుంది. ప్రయాణానికి సర్దినట్టే సర్దుకుని, అందరూ ట్రక్కులో కూర్చుని, ట్రక్కు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద నిలపండి. చీటీ తీసుకోండి. తర్వాత ట్రైలర్ విప్పి, ట్రక్కు ఒక్కదాన్నే మళ్లీ తూచండి. మొదటి చీటీలో ట్రక్కు రెండు ఇరుసుల మొత్తంలోంచి రెండో చీటీ మొత్తం తీసేస్తే మిగిలిందే మీ అసలు పిన్ బరువు. వెనక ఇరుసు మీద పడిన బరువును తలుపు దగ్గరి ఇంకో లేబుల్ మీద ఉండే వెనక ఇరుసు పరిమితితో పోల్చండి, టైరు పక్కన అచ్చైన పరిమితితోనూ పోల్చండి.

ఏ హిచ్?

కదలని హిచ్ అన్నిటికంటే చవక, తేలిక. టేపు లెక్కలో జానెడు మిగిలినవాళ్లు ఇదే తీసుకుని ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవచ్చు.

మిగలనివాళ్లకు మూడు దారులున్నాయి. మొదటిది చేత్తో జరిపే స్లైడర్. ఒక లివరు లాగితే హిచ్ తల 12 నుంచి 14 అంగుళాలు వెనక్కి జరుగుతుంది. మన 40 అంగుళాలు 52, 54 అవుతాయి, 51 అంగుళాల మూల కూడా దాటిపోతుంది. కానీ ఇది పార్కింగుకు మాత్రమే. వెనక్కి జరిగినప్పుడు బరువు ఇరుసు వెనక పడి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు పట్టు తగ్గుతుంది. ఆ స్థితిలో రోడ్డెక్కకూడదు.

రెండోది తనంతట తాను జరిగేది. పుల్‌రైట్ వాళ్ల సూపర్‌గ్లైడ్ లాంటివి. మీరు మలుపు తిప్పుతుంటే హిచ్ దానంతటదే వెనక్కి జారి, నిటారు కాగానే ముందుకు వస్తుంది. దిగి లివరు లాగే పని లేదు. ధర ఎక్కువ, బరువు కూడా ఎక్కువే, అది మళ్లీ పేలోడ్‌లోంచే పోతుంది. ట్రైలర్ పిన్ పెట్టెకు దీనికి సరిపడే పలక ఒకటి బిగించాలి. మతిమరుపు ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. నేను నాలుగైదు ట్రిప్పులు చేత్తో జరిపేది వాడి, రాత్రిపూట వానలో దిగి లివరుతో కుస్తీ పట్టాక దీనికి మారాను.

మూడోది పిన్ పెట్టెనే మార్చడం. రీస్ వాళ్ల సైడ్‌వైండర్‌లో తిరిగే చోటు పిన్ దగ్గర కాకుండా 22 అంగుళాలు వెనక, ట్రైలర్ ముక్కు కింద ఉంటుంది. పిన్ మీద బిగించే చీలలాంటి ముక్క హిచ్‌లో కదలకుండా కూర్చోవాలి, అందుకని మీ హిచ్ మోడల్‌కు సరైన ముక్కే కొనాలి. ట్రక్కు హిచ్ మాత్రం మామూలుదే ఉండొచ్చు. పెట్టెను మార్చేముందు ట్రైలర్ ఫ్రేమ్ వారంటీ కాగితం ఒకసారి చదవండి. బెడ్ మధ్యలో ఉండే గూస్‌నెక్ గుండుకు తగిలించే పొడవాటి అడాప్టర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. పొడుగు పెరిగేకొద్దీ ఫ్రేమ్ ముందు భాగం మీద మెలి పెరుగుతుంది.

బిగించడం నిపుణుల చేతే చేయించండి. కొత్త ట్రక్కుల్లో చాలావాటికి కంపెనీ నుంచే బెడ్‌లో రంధ్రాలు వస్తాయి, వాటిలో హిచ్ కాళ్లు దించి తాళం వేయడమే. లేని ట్రక్కులకు బెడ్ కింద ఫ్రేమ్‌కు పట్టాలు బోల్టు చేయాలి.

ఎత్తు కూడా చూసుకోవాలి. బెడ్ పక్క గోడల పైఅంచుకూ, దాని మీదుగా వచ్చే ట్రైలర్ ముక్కు అడుగుకూ మధ్య కనీసం ఆరంగుళాలు ఖాళీ ఉండాలి. ఇప్పటి ట్రక్కులు ఎత్తుగా ఉండటంతో ఆ ఖాళీ కోసం హిచ్ పైకి లేపితే ట్రైలర్ ముక్కు ఆకాశం చూస్తుంది. ట్రైలర్ ఇంచుమించు సమంగా నిలబడాలి. రెండూ కుదరకపోతే ట్రైలర్ ఇరుసుల దగ్గర ఎత్తు పెంచాలి, అది షాపు పని.

తగిలించే క్రమం

క్రమం తప్పితే తప్పు జరుగుతుంది, అందుకే నేను ప్రతిసారీ ఇదే వరసలో చేస్తాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి చూసుకుంటాను.

1. ట్రైలర్ చక్రాలకు రెండు పక్కలా ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టండి. ఇది అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దు.

2. బెడ్ మీద కవరు ఉంటే తీసేయండి, టెయిల్‌గేట్ దించండి, హిచ్ దవడ తెరిచి ఉందో చూడండి. స్లైడర్ ఉంటే ముందు స్థానంలో తాళం పడి ఉండాలి.

3. ట్రైలర్ ముందు కాళ్లతో ఎత్తు సరిచేయండి. పిన్ చుట్టూ ఉన్న పలక మీ హిచ్ పలక కంటే అరంగుళం నుంచి అంగుళం కిందికి ఉండాలి. ట్రక్కు వెనక్కి వస్తుంటే హిచ్ పలక కాస్త ఎత్తుకుంటూ కిందికి దూరాలి. ట్రైలర్ మరీ ఎత్తులో ఉంటే పిన్ కొసమాత్రమే దవడలో చిక్కి, తాళం పడినట్టే కనిపిస్తుంది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడుతుంది.

4. నిటారుగా, నత్తనడకన వెనక్కి రండి. ఠక్‌మని చప్పుడు వస్తుంది. చప్పుడును నమ్మొద్దు. దిగి టార్చిలైటు వేసి చూడండి: రెండు పలకల మధ్య వెలుతురు కనిపించకూడదు, దవడ పిన్ చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండాలి. లివరు స్థానంలో ఉందా చూసి, జారకుండా దానికి తాళం పిన్ గుచ్చండి.

5. కరెంటు ప్లగ్గు పెట్టండి, బ్రేక్‌అవే తీగను ట్రక్కుకు తగిలించండి. హిచ్‌కు కాదు. ఆ తీగ పని ఏమిటంటే, ట్రైలర్ విడిపోతే లాక్కొచ్చి ట్రైలర్ బ్రేకులు వేయించడం. హిచ్చే పెకిలించుకుపోతే హిచ్‌కు కట్టిన తీగ దాంతోపాటే పోతుంది, బ్రేకు పడదు.

6. టెయిల్‌గేట్ వేయండి. ముందు కాళ్లు నేల నుంచి వేలెడు మాత్రం లేపండి. ఇప్పుడు క్యాబ్‌లోని బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకు మాత్రమే చేత్తో నొక్కి పట్టి ట్రక్కును మెల్లగా ముందుకు లాగండి. కదలకుండా పట్టుకుంటే తగిలినట్టే. ఒకవేళ ఊడినా వేలెడు ఎత్తు నుంచి కాళ్ల మీదే కూర్చుంటుంది. కాళ్లు పూర్తిగా ఎత్తేసి ఈ పరీక్ష చేస్తే ఊడిన ముక్కు నేరుగా బెడ్ గోడల మీద పడుతుంది.

7. కాళ్లు పూర్తిగా ఎత్తి, లైట్లు, ఇండికేటర్లు ఎవరినైనా వెనక నిలబెట్టి చూసుకుని, ఆఖరున అడ్డుకట్టలు తీయండి.

ఆదివారం పొద్దున, ఖాళీ పార్కింగులో

క్యాంప్‌గ్రౌండ్‌లో నేర్చుకుందామనుకోకండి. ముందు ఒక పెద్ద ఖాళీ పార్కింగు స్థలం చూసుకుని, అడిగి అనుమతి తీసుకుని వెళ్లండి.

మొదట బ్రేకు. కంట్రోలర్ బలాన్ని మధ్యలో పెట్టి గంటకు 25 మైళ్ల వేగంలో ట్రైలర్ బ్రేకు మాత్రమే చేత్తో నొక్కండి. చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతే తగ్గించండి, పట్టు చాలకపోతే పెంచండి. బిగుసుకోవడానికి కొంచెం ముందు ఆగాలి.

తర్వాత అసలు పని. ఒకరిని క్యాబ్ వెనక మూలకు పక్కగా, దూరంగా నిలబెట్టండి. వాళ్లు ట్రైలర్ వెనకభాగం చూడనక్కర్లేదు, క్యాబ్‌కూ ట్రైలర్ ముందు మూలకూ మధ్య ఖాళీనే చూడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి అంగుళం అంగుళం రివర్స్ చేయండి. ఖాళీ జానెడుకు రాగానే "ఆపు" అనాలి. ఆగి, కూర్చున్నచోటు నుంచే చూడండి: పక్క అద్దంలో ట్రైలర్ గోడ ఎంత కనిపిస్తోంది? వెనకద్దంలో దాని మూల ఎక్కడిదాకా వచ్చింది? అక్కడ ఆ వెనకద్దం మీద రంగు టేపు ముక్క అతికించండి. రెండో పక్కకూ ఇలాగే. ఇకమీదట ట్రైలర్ మూల ఆ టేపును తాకిందంటే అక్కడితో ఆగి, ముందుకు వెళ్లి సరిచేసుకోవాలని గుర్తు. కెమెరాలెన్ని ఉన్నా ఈ టేపు ముక్కే నన్ను కాపాడింది.

రివర్స్‌కు ఒక చిట్కా: చెయ్యి స్టీరింగు కింది భాగంలో పెట్టండి. ట్రైలర్ వెనకభాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి. ఫిఫ్త్ వీల్ మామూలు ట్రైలర్‌లా వెంటనే తిరగదు, కాస్త ఆలస్యంగా కదిలి తర్వాత ఒక్కసారిగా ఊపందుకుంటుంది. అందుకే కొంచెం తిప్పి, ఆగి, ఫలితం చూసి మళ్లీ తిప్పాలి. పల్లెలో ట్రాక్టరు ట్రక్కును రివర్స్ చేసిన చేయైతే అరగంటలో పట్టుబడుతుంది. నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

సైట్‌లోకి దూరేటప్పుడు

మా మొదటి ట్రిప్పు ఓక్లహామాలో. చీకటి పడ్డాక చేరాం, సైటేమో చెట్ల మధ్య, దారికి అడ్డంగా. స్లైడర్ జరపాలని తెలుసు, కానీ ఆకలి, పైగా వెనక ఇంకొకాయన లైట్లు వేసుకుని ఎదురుచూస్తున్నాడు. ఒక్కసారే కదా అని రివర్స్ మొదలుపెట్టాను. మా ఆవిడ వెనక చెట్టు వైపు లైటు పట్టుకుని "రండి, రండి" అంటోంది. నాన్న మాత్రం ట్రక్కు పక్కనే నడుస్తున్నారు. ఉన్నట్టుండి అరచేత్తో తలుపు మీద దబదబా బాది, "ఒరేయ్ ఆగు! ముందు దిగి చూడరా" అన్నారు. దిగి చూస్తే క్యాబ్ మూలకూ ట్రైలర్‌కూ మధ్య బెత్తెడు కూడా లేదు. నాన్న వేళ్లు మూడు పట్టాయి, నాలుగోది పట్టలేదు.

కాబట్టి సైట్ ముందే, ట్రక్కూ ట్రైలరూ ఒకే గీతలో ఉండగానే ఆగండి. ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి, స్లైడర్ లివరు తీసి, ట్రక్కును అడుగు ముందుకు పోనివ్వండి. హిచ్ వెనక్కి జారి తాళం పడుతుంది. దిగి తాళం చూడండి. వెనక ఎవరు ఎదురుచూస్తున్నా చూడనివ్వండి. పార్క్ అయ్యాక, లేదా తిరిగి రోడ్డెక్కేముందు, మళ్లీ బ్రేకు పట్టి ట్రక్కును వెనక్కి పోనిచ్చి ముందు స్థానంలో తాళం వేయండి. తనంతట జరిగే హిచ్ ఉన్నవాళ్లకు ఈ తతంగం లేదు, కాకపోతే జరిగే పట్టాలకు గ్రీజు ఎండిపోకుండా చూసుకోవాలి. సైట్ బుక్ చేసేటప్పుడే నేరుగా దూరి నేరుగా బయటికి పోయే రకం దొరికితే, నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి.

రోడ్డు మీద

ఫిఫ్త్ వీల్ మలుపులో లోపలికి బాగా కోసుకుంటూ వస్తుంది. కుడి మలుపుల్లో ముందుకు ఎక్కువ దూరం పోనిచ్చి ఆలస్యంగా తిప్పండి, లేకపోతే ట్రైలర్ చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. పెట్రోలు బంకుల్లో కార్ల వరసలోకి పోకండి, డీజిలైతే లారీల వరసే సుఖం.

ట్రైలర్ ఎత్తు ఏసీతో సహా కొలిచి డాష్‌బోర్డు మీద రాసి అతికించండి. పెద్దవి 13 అడుగుల దాకా, ఆపైన కూడా ఉంటాయి. ఫోన్‌లో మామూలు మ్యాప్‌కు మీ ఎత్తు తెలియదు. నార్త్ కరోలినాలో డర్హమ్‌లో లారీల కప్పులు ఒలిచేసే రైలు వంతెన ఒకటి ఉంది, 2019లో దాన్ని ఎనిమిది అంగుళాలు ఎత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. అయినా మనది దాని కింద పట్టదు. న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వే అని పేరున్న ఏ రోడ్డూ ఎక్కొద్దు. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వచ్చేవాళ్లకు ఇంకోటి: వంట గ్యాస్ సిలిండర్లున్న ట్రైలర్‌తో బాల్టిమోర్ సొరంగాల్లోకి పోనివ్వరు. పూర్వం తూర్పు వైపు కీ బ్రిడ్జి మీదుగా పోయేవాళ్లు, 2024 మార్చిలో అది కూలిపోయింది. ఇప్పుడు బాల్టిమోర్ చుట్టూ తిరిగే 695 హైవే మీద పడమటి వైపు చుట్టి రావాల్సిందే.

ట్రైలర్ టైర్ల మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉంటుంది. కొన్ని రకాలకు వేగం పరిమితి గంటకు 65 మైళ్లే. కాలిఫోర్నియాలో అయితే ఏది లాగుతున్నా చట్టమే 55 దాటనివ్వదు. అక్కడ 10,000 పౌండ్లు దాటిన ఫిఫ్త్ వీల్‌కు లైసెన్సు మీద ప్రత్యేక అనుమతి కావాలి, 15,000 దాటితే క్లాస్ ఏ లైసెన్సే. టెక్సాస్‌లో ట్రక్కు, ట్రైలర్ రేటింగులు (కంపెనీ రాసిన గరిష్ట బరువులు) కలిపి 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలర్ 10,000 పైన ఉంటే వాణిజ్యేతర క్లాస్ ఏ తీసుకోవాలి. కొనేముందే మీ రాష్ట్రం నిబంధన చూసుకోండి.

అమ్మానాన్నలు "కాసేపు వెనక మంచం మీద నడుం వాలుస్తాం" అంటారు. కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకుంటుంది కూడా. నేను ఒప్పుకోను. అక్కడ సీటు బెల్టు లేదు.

విప్పేటప్పుడు

తగిలించిన క్రమం తిరగేయడమే. అడ్డుకట్టలు ముందు. తర్వాత కాళ్లు దించి బరువు వాటి మీదికి ఎక్కించాలి, ప్లగ్గు, బ్రేక్‌అవే తీగ తీయాలి, టెయిల్‌గేట్ దించాలి, దవడ తెరవాలి. దవడ లివరు బిగుసుకుని రాకపోతే పిన్ మీద ఒత్తిడి ఉన్నట్టు. ట్రక్కును వెంట్రుకవాసి వెనక్కి ఆనించి మళ్లీ లివరు లాగండి. టెయిల్‌గేట్ దించడం మర్చిపోయి ముందుకు లాగితే పిన్ పెట్టె దాన్ని మడిచేస్తుంది. ఇది నిజంగా చాలామందికి జరుగుతుంది, ఆరోజు అందరికీ బాగా తొందరగా ఉంటుంది.

చక్రాలు విప్పి బిగించిన తర్వాత, కొత్త ట్రైలర్‌కైతే మొదటి ప్రయాణంలోనే, 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లను టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. మొదట్లో అవి వదులు కావచ్చు. ఆగిన ప్రతిచోటా టైర్లు, హబ్బులు చూడండి. నేను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. నాన్న మాత్రం ప్రతి రెస్ట్ ఏరియాలో ట్రైలర్ చుట్టూ ఒక రౌండు వేసి, వరసగా నాలుగు హబ్బులకూ చేతివెనక వైపు దగ్గరగా పెట్టి వేడి చూస్తారు. మూడిటి కంటే ఒకటి ఎక్కువ కాలుతుంటే, "ఇక్కడేదో పట్టేస్తోంది, బేరింగు చూపించు" అంటారు.